ఇమాన్యుయెల్ సెల్లర్ ఎవరు? మన గ్రీన్ కార్డు లైనుకీ ఆయనకీ సంబంధం ఏమిటి?

మీరు అడిగింది ఇది: "మా అన్నయ్య నా కోసం ఐ-130 పిటిషన్ (బంధువుకు గ్రీన్ కార్డు కోరే దరఖాస్తు) వేశాడు. దాని గురించి చదువుతుంటే హార్ట్-సెల్లర్ చట్టం అన్న పేరు కనిపించింది. ఈ సెల్లర్ ఎవరు? భారతీయుల మీద అభిమానంతో ఈ చట్టం చేశాడా? అలాగైతే మనకే ఇంత పెద్ద లైను ఎందుకు?"

ముందు జవాబు చెప్పేస్తాను. ఇమాన్యుయెల్ సెల్లర్ న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ నుంచి దాదాపు యాభై ఏళ్ళు అమెరికా ప్రతినిధుల సభలో కూర్చున్న డెమోక్రాట్. పుట్టిన దేశాన్ని బట్టి మనిషికి విలువ కట్టే కోటా పద్ధతిని 1924లో వ్యతిరేకించాడు, 1965లో దాన్ని తీసేయించాడు. మధ్యలో నలభై ఒక్క సంవత్సరాలు ఆ పని వదల్లేదు. భారతీయుల కోసమని ప్రత్యేకంగా ఆయన చేసిన చట్టం 1946 నాటిది, 1965 నాటిది కాదు. 1965 చట్టంతో మనవాళ్ళు పెద్ద సంఖ్యలో వస్తారని ఆయన అనుకోలేదు. పైగా రారనే సభలో చెప్పాడు. ఇక మీ లైను సంగతి. ఒక్కో దేశానికి ఇంతకు మించి ఇవ్వకూడదన్న సమానమైన హద్దు పెట్టింది కూడా ఆ 1965 చట్టమే. తలుపు తీసిందీ, గుమ్మం వెడల్పు కొలిచిందీ ఒకే కాగితం.

నా సంగతి రెండు ముక్కల్లో. నేను 1989లో న్యూజెర్సీ వచ్చాను. ఇరవై ఏడేళ్ళు ఇమ్మిగ్రేషన్ లాయర్ల దగ్గర పారాలీగల్‌గా పనిచేసి రిటైర్ అయ్యాను. లాయరును కాదు. ఫారాలు నింపడం, పుట్టిన తేదీ సర్టిఫికెట్లో ఒక పేరు, పదో తరగతి సర్టిఫికెట్లో ఇంకో పేరు ఉంటే ఊళ్ళో పెద్దవాళ్ళ చేత అఫిడవిట్లు రాయించి తెప్పించుకోవడం, ఎవరి వంతు ఎంతదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ ప్రతి నెలా రాగానే క్లయింట్లకు ఫోన్లు చేయడం, ఇదీ నా ఉద్యోగం. రోజూ చేతిలో నలిగే చట్టం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలుసుకోవాలని ఒక దశలో పట్టుబట్టాను. శనివారాలు లైబ్రరీకి వెళ్ళి పాత కాంగ్రెస్ చర్చల సంపుటాలు తిరగేశాను. పేజీకి మూడు కాలమ్‌లు, చీమల బారులాంటి అక్షరాలు. సెల్లర్ నాకు పరిచయమైంది అక్కడే.

ఎక్కడి మనిషి

1888 మే 6న బ్రూక్లిన్‌లో పుట్టాడు. తాతల తరం జర్మనీ నుంచి వలస వచ్చింది. యూదు కుటుంబం. తండ్రికి విస్కీ వ్యాపారం ఉండేది, అది దెబ్బతింది. ఆ తర్వాత తండ్రి ఇల్లిల్లూ తిరిగి వైన్ అమ్మేవాడు. సెల్లర్ కొలంబియా కాలేజీలో చేరిన కొత్తల్లోనే తండ్రి పోయాడు, కొద్ది నెలల్లోనే తల్లీ పోయింది. ఇంటి బరువు ఈయన మీద పడింది. తండ్రి తిరిగిన వీధుల్లోనే తనూ తిరిగి వైన్ అమ్ముతూ 1910లో డిగ్రీ, 1912లో లా పూర్తి చేశాడు.

ఈ వివరం చిన్నదిగా కనిపిస్తుంది గానీ నాకు ముఖ్యం. గుమ్మం గుమ్మం ఎక్కి సరుకు అమ్మినవాడికి ఇటాలియన్ ఇల్లు ఎలా ఉంటుందో, రష్యా నుంచి వచ్చిన యూదు దర్జీ ఇల్లు ఎలా ఉంటుందో ఒకరు చెప్పక్కర్లేదు. 1922 ఎన్నికల్లో ఆయన రెండు విషయాల మీద పోటీ చేశాడు. ఒకటి మద్య నిషేధం తప్పని, రెండోది నానాజాతి సమితి కావాలని. గెలిచాడు. 1923 మార్చి 4న సభ్యుడయ్యాడు. అప్పటికి ముప్పై నాలుగేళ్ళు.

1923, మనకు కూడా గుర్తుండాల్సిన సంవత్సరం

ఆయన సభ్యుడు కావడానికి రెండు వారాల ముందు, 1923 ఫిబ్రవరి 19న, అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు ఇచ్చింది. థింద్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అయినా భారతీయుడు చట్టం చెప్పే "తెల్లవాడు" కాడు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడన్నారు. అంతకుముందే, 1917 చట్టం, ఆసియాలో చాలా భాగం చుట్టూ గీత గీసి అక్కడివాళ్ళు వలస రాకూడదంది.

అదే 1923లో మన యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్‌లో దిగారు. భీమవరంలో పుట్టిన మనిషి. హార్వర్డ్‌లో, తర్వాత లెడర్లే ప్రయోగశాలలో ఆయన చేసిన పని ప్రపంచమంతా మందుల రూపంలో వాడుకుంది. కానీ అమెరికాలో గడిపిన పాతికేళ్ళలో మొదటి ఇరవై మూడేళ్ళు ఆయన పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవడానికే చట్టం ఒప్పుకోలేదు. 1948లో పౌరుడు కాకుండానే న్యూయార్క్‌లో పోయారు. చట్టసభలో ఓ మూల పేరా మనిషి బతుకులోకి ఎలా వస్తుందో నాకు ఎప్పుడూ ఈ ఉదాహరణే గుర్తొస్తుంది.

ఇక 1924. జాన్సన్-రీడ్ చట్టం వచ్చింది. అందులో లెక్క ఇలా కట్టారు: 1890 జనాభా లెక్కల్లో ఏ దేశంలో పుట్టినవాళ్ళు అమెరికాలో ఎంతమంది ఉన్నారో చూసి, అందులో రెండు శాతం ఆ దేశానికి ఏటా కోటా. అప్పటికి 1920 లెక్కలు చేతిలో ఉన్నాయి. అయినా 1890కే ఎందుకు వెళ్ళారు? ఇటాలియన్లు, పోలిష్ వాళ్ళు, రష్యన్ యూదులు ఎక్కువగా వచ్చింది 1890 తర్వాత. ఆ ఏడాది దగ్గర ఆగితే వాళ్ళ కోటా చిన్నదైపోతుంది, ఇంగ్లండు, జర్మనీల కోటా పెద్దదిగా ఉంటుంది. ఆసియావాళ్ళ సంగతికొస్తే, "పౌరసత్వానికి అర్హత లేనివారు రాకూడదు" అన్న ఒక్క వాక్యంతో పూర్తిగా మూసేశారు.

సెల్లర్ సభలో చేసిన మొదటి ముఖ్యమైన ప్రసంగం దీనికి వ్యతిరేకంగానే. కొత్త సభ్యుడు, పలుకుబడి లేదు. బిల్లు సభలో 323-71తో నెగ్గింది. ఆ 71 మందిలో ఒకడు. 1929 నుంచి లెక్క మార్చి స్థిరపరిచిన కోటాలు చూడండి: బ్రిటన్, ఉత్తర ఐర్లండ్‌కు ఏటా 65,721. ఇటలీకి 5,802. భారతదేశం పేరున 100 రాశారు గానీ, అది కూడా ఇండియాలో పుట్టిన తెల్లవాళ్ళకు మాత్రమే పనికొచ్చేది. మనకు కాదు.

ఆ ఓటమి తర్వాత ఇరవై రెండేళ్ళు ఈ విషయంలో ఆయనకు చెప్పుకోదగ్గ గెలుపు లేదు. మధ్యలో హిట్లర్ కాలం వచ్చింది. యూరప్ యూదులు పారిపోయి రావడానికి ఈ కోటాలే అడ్డుగోడ అయ్యాయి. ఒక వృద్ధ రబ్బీ (యూదు మతగురువు) తన ఆఫీసుకు వచ్చి, లక్షల మందిని చంపేస్తున్నారు, కొందరినైనా కాపాడలేరా అని అడిగాడని సెల్లర్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. సొంత పార్టీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వాన్నే ఈ విషయంలో బహిరంగంగా తప్పుపట్టాడు. లాభం లేకపోయింది.

1946: మనకోసమే చేసిన చట్టం

దీన్ని లూస్-సెల్లర్ చట్టం అంటారు. కనెక్టికట్ నుంచి ఎన్నికైన రిపబ్లికన్ సభ్యురాలు క్లేర్ బూత్ లూస్, సెల్లర్ కలిసి నడిపారు. బయట నుంచి ఒత్తిడి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు ఇండియా లీగ్ ఆఫ్ అమెరికా నాయకుడు జె.జె. సింగ్. 1944లో మొదలైన ప్రయత్నం 1946 జులై 2న అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో ముగిసింది. అందులో ఉన్నవి రెండే ముక్కలు. భారతీయులకు ఏటా 100 మంది కోటా. అప్పటికే ఇక్కడున్న భారతీయులకు పౌరసత్వం తీసుకునే హక్కు. ఫిలిప్పీన్స్‌వాళ్ళకు కూడా ఇవే ఇచ్చారు.

వంద మంది అంటే ఇప్పుడు ఒక విమానంలో సగం కూడా నిండరు. కానీ రెండో ముక్క విలువ వేరు. పంజాబ్‌లో పుట్టి, కాలిఫోర్నియాలో బర్క్లీలో గణితంలో పీహెచ్‌డీ చేసి, ఉద్యోగం దొరక్క ఇంపీరియల్ లోయలో వ్యవసాయం చేసుకుంటున్న దలీప్ సింగ్ సౌంద్ ఈ చట్టం వల్లే 1949లో పౌరుడయ్యాడు. 1956లో కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు. ఆసియా నుంచి వచ్చి ఆ సభలో ఓటున్న సభ్యుడిగా కూర్చున్న మొదటి మనిషి ఆయనే. అంటే 1957 నుంచి సెల్లర్, సౌంద్ ఒకే సభలో సభ్యులు. చట్టం రాసినవాడు, ఆ చట్టం వల్ల పౌరుడైనవాడు ఒకే ఓటింగులో పేరు పిలిస్తే పలికారు. నేను ఈ సంగతి మొదటిసారి గమనించినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఆయన బలం ఎక్కడుంది? కమిటీ కుర్చీలో

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఇది తెలియకపోతే సెల్లర్ ఎందుకు ముఖ్యమో, అంత ముఖ్యుడు ఎందుకు మరుగున పడ్డాడో రెండూ అర్థం కావు.

అమెరికా ప్రతినిధుల సభలో బిల్లు ముందు కమిటీకి వెళ్తుంది. కమిటీ ఛైర్మన్ విచారణ పెట్టకపోతే ఆ బిల్లు అక్కడే ఎండిపోతుంది. పెడితే సాక్షులు వస్తారు, మాట మాట సవరిస్తారు, ఆపైన, ఏ బిల్లు ఎప్పుడు చర్చకు రావాలో తేల్చే రూల్స్ కమిటీ దాటి సభకు రావాలి. ఆ రోజుల్లో ఛైర్మన్ పదవి సీనియారిటీని బట్టి వచ్చేది. సెల్లర్ 1949లో జ్యుడీషియరీ కమిటీ ఛైర్మన్ అయ్యాడు. రిపబ్లికన్లు సభను గెలుచుకున్న రెండేళ్ళు (1953-55) తప్ప 1973 దాకా ఆయనే. పౌర హక్కులు, వలసలు, కంపెనీల గుత్తాధిపత్యం, రాజ్యాంగ సవరణలు, అన్నీ ఆ ఒక్క గదిలోంచి పోవలసినవే. అధ్యక్షులు మారారు, ఆ కుర్చీలో మనిషి మారలేదు.

అక్కడ కూర్చుని ఆయన చేసినవి ఎన్నో. 1950లో సెల్లర్-కెఫావర్ చట్టం ఒకటి. పాత చట్టం ఒక కంపెనీ ఇంకో కంపెనీ షేర్లు కొనడాన్నే అడ్డుకునేది. దాంతో కంపెనీలు షేర్లు వదిలేసి ఎదుటివాడి ఫ్యాక్టరీలు, యంత్రాలు కొనేసి పోటీని మింగేసేవి. ఆ సందు మూసింది ఈ చట్టం. 1957, 1960, 1964 పౌర హక్కుల చట్టాలు, 1965 ఓటు హక్కు చట్టం, 1968 తుపాకుల నియంత్రణ చట్టం, ఇవన్నీ సభలో ఆయన చేతుల మీదుగా వచ్చాయి.

1964 చట్టం కథ ఒక్కటి కాస్త వివరంగా చెబుతాను. కెన్నెడీ ప్రభుత్వం కోరిన బిల్లును సెల్లర్ 1963 జూన్ 20న ప్రవేశపెట్టాడు. తన కమిటీలో రిపబ్లికన్ల పెద్ద ఒహాయోకు చెందిన విలియం మెకల్లక్. ఆయన జిల్లాలో నల్లజాతి ఓటర్లు చాలా తక్కువ, ఈ బిల్లు వల్ల ఆయనకు ఓట్లు రాలవు. అయినా ఒప్పుకున్నాడు. సెల్లర్ ఉపసంఘం బిల్లును మరీ గట్టిగా తయారుచేస్తే, ఇది సభలో నెగ్గదని అందరూ కంగారుపడ్డారు. మళ్ళీ కూర్చుని ఇద్దరూ ఒప్పుకునే రూపానికి తెచ్చారు. 1963 నవంబర్ 20న కమిటీ నివేదిక ఇచ్చింది. రెండు రోజుల్లో కెన్నెడీ హత్య జరిగింది. రూల్స్ కమిటీలో వర్జీనియాకు చెందిన హోవర్డ్ స్మిత్ బిల్లును తొక్కిపెట్టాలని చూశాడు, ఒత్తిడి పెరిగి వదలక తప్పలేదు. చివరికి 1964 ఫిబ్రవరి 10న సభలో 290-130తో నెగ్గింది. డెబ్బై అయిదేళ్ళ సెల్లర్ సవరణ తర్వాత సవరణకు నిలబడి జవాబు చెప్పాడు. ఆ రోజుల చర్చ చదివితే తెలుస్తుంది, చట్టం చేయడమంటే ఒక గొప్ప ప్రసంగం కాదు. వందసార్లు లేచి నిలబడి "ఈ మాట ఉండనివ్వండి, ఆ మాట వద్దు" అని ఓపిగ్గా చెప్పడం.

1965: సెల్లర్ అనుకున్నది ఒకటి, జరిగింది ఒకటి

1952లో మెకారన్-వాల్టర్ చట్టం పాత కోటాలను అలాగే ఉంచింది. సెల్లర్ వ్యతిరేకించాడు, ట్రూమన్ వీటో చేశాడు, కాంగ్రెస్ ఆ వీటోను తోసేసింది. 1963లో కెన్నెడీ కోటాల రద్దు కోరాడు. బిల్లు ప్రతినిధుల సభలో సెల్లర్ పేరున, సెనేట్‌లో మిషిగన్‌కు చెందిన ఫిలిప్ హార్ట్ పేరున వచ్చింది. అందుకే ఆ జంట పేరు.

మొదటి ముసాయిదాలో చదువు, నైపుణ్యం ఉన్నవాళ్ళకు పెద్ద పీట వేశారు. ఇమ్మిగ్రేషన్ ఉపసంఘం ఛైర్మన్ మైకేల్ ఫీహన్ ఒప్పుకోలేదు. కుటుంబ బంధాలకే పెద్ద పీట వేయాలన్నాడు. ఇక్కడ బంధువులు ఎక్కువగా ఉన్నది యూరప్ వాళ్ళకే కాబట్టి, వచ్చేవాళ్ళూ వాళ్ళే అవుతారన్నది అప్పటి ఆలోచన. సెల్లర్ రాజీపడ్డాడు. 1965 ఆగస్టు 25న సభలో మాట్లాడుతూ, ఆసియా, ఆఫ్రికావాళ్ళకు ఇక్కడ బంధువులు చాలా తక్కువ కాబట్టి వాళ్ళు పెద్దగా రాలేరని స్వయంగా చెప్పాడు. ఆ రోజు ఓటు 318-95. అక్టోబర్ 3న స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టాడు. ఇదేమీ విప్లవాత్మకమైన బిల్లు కాదని ఆయన కూడా అదే రోజు అన్నాడు.

ఆ మాటలు చదివినప్పుడు మొదట నాకు మనసు చివుక్కుమంది. తర్వాత చట్టం పాఠం పక్కన పెట్టుకుని మళ్ళీ చదివాను. నా అభిప్రాయం చెబుతున్నాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు: సెల్లర్ అంచనా తప్పింది గానీ ఆయన రాసిన సూత్రం తప్పలేదు. పుట్టిన చోటును బట్టి, జాతిని బట్టి వీసా ఇవ్వడంలో వివక్ష చూపకూడదని ఆ చట్టంలో రాశారు. ఆ తలుపు గుండా ఎవరు వస్తారన్నది ఆయన చేతిలో లేదు. ఎవరు వచ్చినా ఆపకూడదన్నది మాత్రం చట్టం అయింది.

అప్పటి లెక్క ఇది. తూర్పు అర్ధగోళం (యూరప్, ఆసియా, ఆఫ్రికా వైపు దేశాలు) మొత్తానికి ఏటా 1,70,000 వీసాలు. ఒక్కో దేశానికి 20,000 మించకూడదు. ఏడు తరగతులు. అందులో మూడోది డాక్టర్లు, ఇంజనీర్లు, శాస్త్రవేత్తల్లాంటి వృత్తి నిపుణులది, పది శాతం. అయిదోది పౌరుల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళది, 24 శాతం. పౌరుల భార్యాభర్తలు, చిన్నపిల్లలు, తల్లిదండ్రులు ఈ లెక్కలకు బయట. తల్లిదండ్రుల్ని ఆ జాబితాలో చేర్చింది ఈ చట్టమే. మీ అన్నయ్య అమ్మానాన్నలకు వేస్తే లైను ఉండదు, మీకు వేస్తే ఉంటుంది. ఆ తేడా అక్కడి నుంచి వచ్చిందే.

మనవాళ్ళు ఆ మూడో తరగతిలో దూరారు. అదే 1965లో మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) వచ్చి ఆసుపత్రులకు డాక్టర్ల అవసరం పెరిగింది. గుంటూరు, విశాఖ, కర్నూలు, కాకినాడ, హైదరాబాద్ మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్ళు పరీక్ష రాసి బయల్దేరారు. తర్వాత వాళ్ళు పౌరులై అయిదో తరగతిలో తోబుట్టువుల్ని పిలిపించుకున్నారు. యూరప్ కోసమని ఫీహన్ పెట్టిన కుటుంబ మార్గంలో నడిచింది మనం. అమెరికాలో ఉన్న, ఇండియాలో పుట్టినవాళ్ళు 1960లో సుమారు 12 వేలు. 1990కి సుమారు నాలుగున్నర లక్షలు.

నేను దగ్గర నుంచి చూసింది ఒకటి చెబుతాను. 1990ల చివర్లో ఒక పెద్దాయన పౌరసత్వం కాగితాల కోసం మా ఆఫీసుకు వచ్చారు. గుంటూరు వైపు డాక్టరుగారు, 1971లో వచ్చారు. ఇన్నాళ్ళూ గ్రీన్ కార్డు మీదే ఉండిపోయారు. సంచీలోంచి పాత పాస్‌పోర్టు తీశారు. అట్ట అంచులు అరిగి దారాలు బయటికొచ్చాయి. లోపల వీసా ముద్ర, దాని మీద చేతిరాతతో "పీ3-1". మూడో తరగతి, మొదటి మనిషి అని అర్థం. దానితోపాటు ఒక పెద్ద కవరు. అందులో ఛాతీ ఎక్స్-రే ఫిల్మ్. అప్పట్లో వలస వచ్చేవాళ్ళు అది చేత పట్టుకుని విమానం దిగి అధికారికి చూపించాలి. "మద్రాసు నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చానయ్యా, మడత పడితే వెనక్కి పంపుతారేమోనని భయం" అన్నారు. ఫిల్మ్‌ను కిటికీ వెలుగుకు ఎత్తి చూపించారు. ఇరవై ఆరేళ్ళ కుర్రవాడి పక్కటెముకలు. సెల్లర్ అనే పేరు ఆయన ఎప్పుడూ వినలేదు. ఆయనకు ఆ కథ చెప్పింది నేనే. విని, "బ్రూక్లిన్‌లోనే కదయ్యా నేను ఇంటర్న్‌షిప్ చేసింది" అని ఇంకేమీ మాట్లాడలేదు.

మరి లైను ఎందుకు?

20,000 హద్దు తూర్పు అర్ధగోళంలోని అన్ని దేశాలకూ ఒకటే. 1924 పద్ధతితో పోలిస్తే అది న్యాయమే: బ్రిటన్‌కు 65 వేలు, మనకు సున్నా అన్న రోజులు పోయాయి. కానీ చిన్న దేశానికీ, వంద కోట్లు దాటిన దేశానికీ ఒకే కొలత అయింది. 1990లో చట్టాన్ని తిరగరాసినప్పుడు ఆ హద్దును ఏడు శాతంగా మార్చారు. కుటుంబ, ఉద్యోగ వీసాలు కలిపి లెక్కవేస్తే దేశానికి ఏటా 25,620 వస్తుంది. ఉద్యోగ వీసాల మొత్తం 1,40,000 అన్నదీ, ఏటా 65,000 హెచ్-1బీ అన్నదీ 1990 నాటివి. వాటికి సెల్లర్ బాధ్యుడు కాదు, అప్పటికి ఆయన పోయి తొమ్మిదేళ్ళు. మీ అన్నయ్య వేసిన అయిదో తరగతి పిటిషన్‌కు ఇప్పటి పేరు ఎఫ్4. ఇండియావాళ్ళకు ఇరవై ఏళ్ళకు దగ్గరగా పడుతోంది.

ఆ చట్టంలో ఇంకో లోటు కూడా ఉంది. అప్పటిదాకా సంఖ్యా పరిమితి లేని పశ్చిమ అర్ధగోళానికి (అమెరికా ఖండాల్లోని దేశాలకు) మొదటిసారి 1,20,000 హద్దు పెట్టింది. మెక్సికోవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అలవాటుగా వచ్చిపోతున్న దారి అది. దాని పర్యవసానాలు ఇప్పటికీ తేలలేదు.

ఆయన తప్పు చేసిన చోటు

అభిమానంతో ఇది దాచిపెట్టలేను. మహిళలకు సమాన హక్కులిచ్చే రాజ్యాంగ సవరణను సెల్లర్ ఏళ్ళ తరబడి తన కమిటీలో విచారణకే రానివ్వలేదు. ఆడవాళ్ళకు పని గంటల్లో, బరువుల మోతలో రక్షణనిచ్చే కార్మిక చట్టాలు దానివల్ల పోతాయన్నది అప్పటి కార్మిక సంఘాల వాదన, ఆయనదీ అదే. 1964 బిల్లులో ఉద్యోగాల్లో స్త్రీలపై వివక్ష కూడదన్న మాట చేర్చినప్పుడు కూడా వ్యతిరేకించాడు. చివరికి 1970లో మిషిగన్ సభ్యురాలు మార్తా గ్రిఫిత్స్ 218 సంతకాలు సేకరించి సవరణను ఆయన కమిటీ నుంచి బయటికి లాగింది. ఏ కుర్చీ బలంతో పౌర హక్కుల బిల్లులు గెలిపించాడో, అదే బలంతో దీన్ని ఆపాడు.

మూల్యం 1972లో చెల్లించాడు. ఎనభై నాలుగేళ్ళ వయసులో, డెమోక్రాటిక్ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో, ఎలిజబెత్ హోల్ట్‌జ్‌మన్ అనే ముప్పై ఏళ్ళ లాయరు ఎదురు నిలబడింది. ఆయన ఆమెను లెక్కలోకి తీసుకోలేదు. ఆమె వియత్నాం యుద్ధం గురించీ, ఆ మహిళా సవరణ గురించీ, జిల్లాలో ఆయన కనబడకపోవడం గురించీ ఓటర్లను అడుగుతూ కాలినడకన తిరిగింది. సుమారు 600 ఓట్ల తేడాతో గెలిచింది. గుమ్మం గుమ్మం ఎక్కి పైకొచ్చిన మనిషి, ఆ గుమ్మాలు ఎక్కడం మానేశాక ఓడిపోయాడు. ఆమె అదే జ్యుడీషియరీ కమిటీలో చేరి 1974లో నిక్సన్ అభిశంసన విచారణలో కూర్చుంది. గెలిచి ఉంటే ఆ విచారణ నడిపేది సెల్లరే. 1981 జనవరి 15న, తొంభై రెండేళ్ళ వయసులో, బ్రూక్లిన్‌లోనే పోయాడు.

చివరగా మీ పిటిషన్ గురించి

ఇది మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. మీ అన్నయ్య దగ్గర ఐ-797 రసీదు ఉందో లేదో ఈ రోజే అడగండి. దాని మీద ఉన్న ప్రయారిటీ డేట్ (లైనులో మీ స్థానాన్ని తేల్చే తేదీ) రాసి పెట్టుకోండి, రసీదు నకలు మీ దగ్గరా ఉంచుకోండి. ఇల్లు మారినప్పుడల్లా, ఈమెయిల్ మారినప్పుడల్లా తెలియజేయాలి. నేను చూసిన ఒక కేసులో పిటిషన్ వేసిన ఆఫీసు క్లయింటు కొత్త చిరునామాను పంపడం మరిచిపోయింది. పదిహేనేళ్ళ తర్వాత వచ్చిన ఉత్తరం పాత అపార్ట్‌మెంటుకు పోయింది. పిలుపు వచ్చాక ఏడాదిలోపు స్పందించకపోతే కేసు మూసేసే వీలుంది, ఆ కుటుంబానికి అదే పరిస్థితి వచ్చింది. తిరిగి తెరిపించడానికి నానా తిప్పలు పడ్డాం. మీకు పిల్లలుంటే ఇరవై ఒకటి దాటినవాళ్ళ వయసు ఎలా లెక్కిస్తారో ముందే ఒక లాయరును కలిసి తెలుసుకోండి. పిటిషన్ ఆమోదానికి పట్టిన కాలాన్ని వయసులోంచి తీసేసే నియమం ఉంది, కానీ ఎఫ్4లో లైను అంతకంటే ఎంతో పెద్దది కాబట్టి చాలామంది పిల్లలకు అది సరిపోదు.

ప్రయారిటీ డేట్ తెలిశాక ఇక్కడే రాయండి. వీసా బులెటిన్‌లో ఏ గడి చూడాలో, రెండు చార్టుల్లో మీకు ఏది వర్తిస్తుందో చెబుతాను.